నలభై మూడో మిద్దె

శెనక్కాయలు కడిగింది నేనే. ఈ విషయంలో ఇంకొకరిని అనడానికి లేదు. హెన్రీ కడగమన్నాడు, నిజమే. కానీ అతను ఒకసారి కడగమంటే నేను మూడుసార్లు కడిగాను. పైగా ఎంత బాగా కడిగానో చూడమని అతన్ని పిలిచి చూపించాను కూడా. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఎక్కువే. ఈమధ్య అదంతా నా మీదే పోతోంది.

నా పేరు ఫారూఖ్. బద్వేలు పక్కన, సగిలేటికి ఇవతల ఒక చిన్న పల్లె మాది. హైదరాబాదులో ప్రవీణ్ అన్న కారు తోలబట్టి పదకొండేళ్లయింది. ఆయనదీ మా పల్లే. మా అమ్మ హుస్సేన్ బీ వాళ్ల చేలో కలుపు తీసింది, కాయలు పెరికింది. అందుకని ఊళ్లో ఉన్నంతసేపూ ఆయన నాకు అన్న, టవర్‌లోకి రాగానే సార్. లిఫ్టు ఎక్కి పైకి పోతుంటే ఏ అంతస్తు దగ్గర అన్న సార్ అవుతాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ టవర్ యాభై రెండు అంతస్తులు. కింద పద్దెనిమిది అంతస్తులూ హోటలు, ఆ పైనవన్నీ ఇళ్లు. భూమి లోపల ఇంకో నాలుగు అంతస్తులు కార్లకు. నా చోటు అన్నిటికంటే అడుగున, నాలుగో బేస్‌మెంటులో. హోటలు ముందు హాల్లో ఒక గోడ ఉంది. దాని మీద నుంచి నీళ్లు పగలూ రాత్రీ చప్పుడు లేకుండా జారుతూ ఉంటాయి. ఎవరూ తాగరు, ఎవరూ ముట్టుకోరు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా పల్లెలో మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే వచ్చింది మరి.

ప్రవీణ్ అన్న వాళ్ల అమ్మ పేరు సోమక్క. ఎనభై దాటింది. నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. మూత్రపిండాలు చెడిపోయాయని, వైద్యం ఇక్కడే మేలని ఎనిమిది నెలల కిందట నా కారులోనే తీసుకొచ్చాం. అంతకుముందు రోజు దాకా ఆమె చేలోనే ఉంది. మొదటిసారి లిఫ్టు ఎక్కినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రే ఫారూఖూ, ఇది పైకి పోతాందా, కిందికి పోతాందా?"

"పైకే అవ్వా."

"మల్ల నా కడుపులో కిందికి పోతాన్నట్టు ఉండాదే!"

వాళ్ల ఇల్లు నలభై మూడో అంతస్తులో. అంతస్తు అనే మాట ఆమె నోట రాలేదు. మా పక్క మేడను మిద్దె అంటాం. అందుకని అది ఆమెకు నలభై మూడో మిద్దె. కింది ఇంట్లో ఎవరుంటారని వచ్చిన రోజే అడిగింది. తెలియదన్నాడు ప్రవీణ్ అన్న. "ఏమప్పా, ఎవురి నెత్తిన కాపురముండేదీ తెలీకుండా ఎట్లుండావు?" అని ఆమె ముక్కున వేలేసుకుంది. అద్దాల గోడ దగ్గరికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఆమె మంచం లోపలి గోడకు ఆనించి వేశారు.

కార్తీకంలో ఆసుపత్రివాళ్లు ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "ఇంటికే గదా?" అని అడిగింది ఆమె. "ఇంటికేమా" అన్నాడు ప్రవీణ్ అన్న. ఆమె సంచి సర్దించుకుంది, నర్సులకు పోయొస్తానని చెప్పింది. కారు టవర్ గేటులోకి తిరిగాక గానీ ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి ఒళ్లోకి లాక్కుంది. ఒక్క మాట అన్నా బాగుండేదని అద్దంలో ఆమె ముఖం చూసి నేననుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. చేను పెరుకుతున్నారట, తొలి కాయలు కావాలని.

తొలి కాయలంటే ఏమిటో చెప్పాలి. సోమక్కకు ఒక పద్ధతి ఉంది. ఏటా ముందుగా పెరికిన చెట్ల కాయలు మన్నుతోనే ఇంటికి రావాలి. ఆ మన్ను తనే వాకిట్లో దులిపేది. తనే కడిగి, ఉప్పేసి ఉడకబెట్టి, పెరికినవాళ్లకు తలా దోసెడు పంచేది. మా అమ్మ తన దోసెడు కొంగులో కట్టుకొచ్చి నాకు పెట్టేది. ఆ కాయలు తిని పెరిగినవాణ్ణి నేను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

అన్న పొమ్మంటే పోయాను. చేను ఇప్పుడు అయ్యన్న కౌలుకు చేస్తున్నాడు. పొద్దున్నే తొలి చెట్లు పెరికి, కాయలు తుంచి, గోనెసంచిలో పోసి నా చేతికిచ్చాడు. మొన్న కురిసిన వానకు మన్ను ఎర్రగా, ముద్దలు ముద్దలుగా కాయలకు అంటుకుని ఉంది.

"కడగొద్దప్పా ఫారూఖూ. ఇట్లనే ఇయ్యి. కడిగితే అవ్వ తిడతాది."

"నాకు చెప్తాండావా?" అన్నాను.

అమానతు అంటాం మేము. ఒకరు నమ్మి చేతిలో పెట్టింది చెక్కుచెదరకుండా చేర్చడం. మైదుకూరు, నంద్యాల, కర్నూలు దాటి దారి పొడుగునా ఆ సంచిని పక్క సీట్లో పెట్టుకుని వచ్చాను. కారంతా మా ఊరి వాసన. సాయంత్రం ఐదింటికి టవర్ చేరాను.

సర్వీసు లిఫ్టు దగ్గర హెన్రీ ఆపాడు. అతను సూపర్‌వైజరు, కర్నూలు మనిషి. మంచివాడే. నేను నడిచిన దారంతా తెల్లరాతి మీద ఎర్రటి చుక్కలు పడి ఉన్నాయి.

"ఏం భాయ్ ఇది? లిఫ్టులో మన్ను పడితే నా జీతంలో కోస్తారు. పైన కెమెరా చూస్తాంటాది. నాలుగో బేస్‌మెంటులో కార్లు కడిగే చోట కడుక్కోని తీస్కపో."

అన్నకు ఒక ఫోను కొట్టి ఉంటే సరిపోయేది. కొట్టలేదు. ఎందుకంటే ఆ చుక్కలు చూసి నాకు సిగ్గేసింది. పదకొండేళ్లుగా కారు మీద దుమ్ము కనిపిస్తే తుడిచే చెయ్యి నాది. టవర్ మనిషికి టవర్ మనిషి చెప్పినట్టు చెప్పాడు, నేను విన్నాను. కార్లు కడిగే పైపు పెట్టి కొడితే ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ జాలీలోకి దిగిపోయాయి. కాయలు తెల్లగా తేలాయి. సంచి కూడా ఉతికి పిండి, రెయిలింగు మీద ఆరేశాను. చెప్పాను కదా, మూడుసార్లు.

పైకి తీసుకుపోయి బేసిన్‌లో పోసి ఆమె పక్కన పెట్టాను. ఆమె కళ్లు మూసుకునే చెయ్యి పెట్టి కెలికింది. చెయ్యి ఆగింది.

"మన్నేదిరా?"

"కడిగినా అవ్వా."

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. "నీ చెయ్యి ఇరగ! ఎవురు కడగమన్నారురా నిన్ను?"

తిట్టు విని అందరూ నవ్వారు. ప్రవీణ్ అన్న నవ్వాడు, ఆయన భార్య తనూజ మేడం నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ బేసిన్‌లో వేసేసింది. ఒక్కటి కూడా తినలేదు.

మరుసటి రోజు పొద్దున పదింటికి అన్న ఫోను చేసి పైకి రమ్మన్నాడు. ఆమె ఊపిరి మారిపోయింది. డాక్టరు వచ్చి చూసి, ఈ పూటో రేపో అన్నాడు. ఊరికి తీసుకుపోదాం, అంబులెన్సు పిలవండి అన్నాడు ప్రవీణ్ అన్న. ఎనిమిది గంటల దారి, కర్నూలు కూడా దాటదు అన్నాడు డాక్టరు. అన్న గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఇంత టవర్‌లో ఇల్లు కొన్న మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెడుతున్నాడు, తీస్తున్నాడు.

ఆమెకు అన్నీ వినిపిస్తున్నాయి.

"దారిలో వొద్దు నాయనా. లారీల మధ్యన వొద్దు. నన్ను నేలకు దించండి."

మా పక్క హిందువుల ఇళ్లలో ప్రాణం మంచం మీద పోనివ్వరు. ఆ ఘడియ వచ్చిందంటే మనిషిని కిందికి దించి నేల మీద పడుకోబెడతారు. మట్టి ఇల్లయితే అలికిన నేల, లేకపోతే వాకిలి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను కాళ్ల వైపు, అన్న తల వైపు పట్టుకుని దుప్పటి పరిచి దించాం. ఆమె బరువే లేదు.

ఆమె దుప్పటి పక్కకు లాగి అరచేత్తో రాయిని తడిమింది. విదేశం నుంచి తెప్పించిన రాయి. ఏసీకి చల్లబడి జిల్లుమంటోంది.

"ఇది నేల కాదు."

"నేలేమా."

"దీని కింద ఎవురుండారు?"

ఎనిమిది నెలల కిందట అడిగిన ప్రశ్నే. ఇప్పటికీ అన్నకు తెలియదు.

"ఎవురో మంచమేసుకోని పండుకోనుంటారు. వాళ్ల నెత్తిన సచ్చేది నాకొద్దు నాయనా."

నాకు ఏం తోచిందో, ఆమె పక్కన కూర్చుని అన్నాను. "అవ్వా, వాళ్ల కింద ఇంకొకరు, వాళ్ల కింద ఇంకొకరు. అందరికంటే కింద నేనుండా."

"నీ కింద?"

"నా కింద భూమే."

"అయితే నన్ను ఆడికి తీస్కపోండి."

"ఆడ కూడా సిమెంటేమా" అన్నాడు అన్న. తనూజ మేడం మొహం తిప్పుకుంది.

సోమక్క చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడింది. తర్వాత అంది. "మన చేని మన్ను పిడికెడు నా చేతి కింద పెట్టండి. అదే నేలనుకుంటా."

అందరూ నా వైపు చూశారు.

"ఫారూఖ్, ఆ సంచి అడుగున రాలింటాది గదా. దులిపి తే" అన్నాడు అన్న.

"సంచి కూడా ఉతికినా అన్నా."

ఆయన తిట్టలేదు. ఒక్క దెబ్బ కొట్టినా నాకు సుఖంగా ఉండేది. మేడం ఒక్క పరుగున బాల్కనీలోకి పోయి పూలకుండీ వంచింది. గోధుమరంగు పొడి జలజలా రాలింది. చేత్తో పట్టి చూస్తే అది కొబ్బరి పీచు పొట్టు. ఇంత ఎత్తున బరువెక్కువవుతుందని కుండీల్లో మన్ను వాడరట. పన్నెండు కుండీలున్నాయి. పన్నెండూ వంచింది మేడం. ఇన్నాళ్లూ అవి మన్నులోనే పూస్తున్నాయని నేనూ అనుకున్నాను.

నేను కిందికి పరుగెత్తాను.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. మన్ను దొరక్క కాదు. టవర్ గేటు పక్కన కొత్త చెట్లు నాటడానికి ట్రాక్టరుతో తెచ్చిన ఎర్రమన్ను కుప్ప పోసి ఉంది. తడిగా, ఎర్రగా, అచ్చం మా చేని మన్నులాగే ఉంది. నేను దాని దగ్గర ఆగాను. వంగి గుప్పెట పట్టాను కూడా. అప్పుడు మనసు అడ్డం తిరిగింది. ఆమె అడిగింది తన చేని మన్ను. ఎక్కడిదో తెచ్చి మీ చేనిదే అవ్వా అని పోయే ప్రాణానికి అబద్ధం చెప్పనా? మా అమ్మ వింటే నన్ను గడప తొక్కనిస్తుందా? నిన్న అమానతు చెడగొట్టింది చాలదా? అప్పుడే నాకు జాలీ గుర్తొచ్చింది. కడిగిన మన్ను ఎక్కడికీ పోదు. జాలీ కింద గుంతలో దిగి ఉంటుంది. గుప్పెట్లోది కుప్ప మీదే పారేసి బేస్‌మెంటుకు పరుగెత్తాను.

జాలీ లేపి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైనంతా నల్లటి బురద, రాత్రి కడిగిన కార్ల నూనె, షాంపూ నురగ. అడుగున ఇసుకలాగా చేతికి తగిలింది. బయటికి తీస్తే అదీ నల్లగానే ఉంది. అందులో సన్నటి వేళ్లున్నాయి, ఒక శెనక్కాయ పిందె ఉంది. నా కళ్లు చెమర్చాయి. మా చేనిదే. అనుమానం లేదు. టిఫిను డబ్బా మూతలోకి ఎత్తుకుని లేచేసరికి ఎదురుగా హెన్రీ నిలబడి ఉన్నాడు.

"అవ్వకు భాయ్. పోతాంది ఆమె" అన్నాను.

హెన్రీ తనే కార్డు గీకి సర్వీసు లిఫ్టు తెరిచాడు. మూత కింద కారుతోందని తన చేతిగుడ్డ పెట్టాడు. "పో భాయ్. కెమెరా సంగతి నేను చూస్కుంటా."

పైకి చేరేసరికి ఆమెకు ఇంకా ప్రాణం ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె కుడి చెయ్యి ఎత్తి, కింద ఆ మన్ను పెట్టి, చెయ్యి దాని మీద పెట్టాను. వేళ్లు కదిలాయి. బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దింది. వాన తర్వాత మన్నులో పదును చూసేటప్పుడు చేలో ఎట్లా రుద్దేదో అట్లాగే.

"ఎవురి చేనురా ఇది?"

"మీదే అవ్వా. సగిలేటి పక్క చేనే."

మళ్లీ రుద్దింది. చెయ్యి మెల్లగా ముక్కు దాకా తెచ్చుకుంది.

"కాదు."

"అల్లా తోడు అవ్వా, మీదే."

"సబ్బు వాసన వస్తాంది. జిడ్డుగా ఉండాది." కళ్లు తెరిచి వేళ్ల వైపు చూసుకుంది. "మాది ఎర్రచేను. నాకు తెలీదా?"

"నేను కడిగినా గదా అవ్వా నిన్న, ఆ నీళ్లు పోయిన గుంతలోంచి..." చెప్పబోయాను. చెప్పేకొద్దీ నా నోట అదే అబద్ధంలా వినిపించింది. పిందె తీసి ఆమె కళ్ల ముందు పెట్టాను. ఆమె చూపు దాన్ని దాటిపోయింది.

"సచ్చేదానికి అబద్దం చెప్తాండావా ఫారూఖూ. నువ్వు కూడానా."

ఆ చేతిని ఆమె దుప్పటికి తుడుచుకుంది. వేళ్లు ఒక్కొక్కటే, శుభ్రంగా. తర్వాత చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది, మళ్లీ రాయి మీద ఆననివ్వలేదు. పన్నెండున్నరకు పోయింది. నేను తెచ్చిన మన్ను ఆమె పక్కన నల్లమరకలాగా ఉండిపోయింది. తనూజ మేడం మోకాళ్ల మీద వంగి దాన్ని తన చీర కొంగుతోనే ఎత్తింది. ప్రవీణ్ అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "నిజంగా మనదేనా ఫారూఖ్?" అని అడిగాడు. నేను పిందె చూపించాను. ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు.

సర్వీసు లిఫ్టులోనే దించారు. ముందు హాల్లోంచి దించకూడదట, హోటలు అతిథులు ఉంటారు. అంబులెన్సు ముందు పోయింది, వెనక నేను కారు తోలాను. గేటు దగ్గర తోటమాలి ఆ కుప్పలోంచి పారతో ఎర్రమన్ను ఎత్తి గుంతల్లో పోస్తున్నాడు. గేటు తెరిచేదాకా నేను ఆ కుప్పనే చూస్తూ కూర్చున్నాను. పొద్దున నా వేళ్లు దిగిన గుర్తులు కనిపిస్తాయేమోనని వెతికాను కూడా.

ఆ గుప్పెడే పట్టుకుపోయి ఉంటే ఆమె రుద్ది చూసేది. ఎర్రగా ఉందని నమ్మేది. మన చేనేరా అనేది. ఒక్క అబద్ధానికి ఆమె తన నేల మీద పోయేది. నేను నిజం తీసుకుపోయి ఆమె చేత అబద్ధాలకోరు అనిపించుకున్నాను.

పొద్దు వాలే వేళకు కర్నూలు దాటాం. ఊరు చేరి, రాత్రంతా వాకిట్లో ఉంచి, మరుసటి రోజు పొద్దున ఆమె చేలోనే గుంత తీశారు. వాకిలి మన్ను మీద చాప వేసి పడుకోబెట్టినప్పుడు ఊరి ఆడవాళ్లు ఇప్పుడు నేలకు చేరిందమ్మా అని ఏడ్చారు. ఇప్పుడు చేరితే ఏం లాభమని నాకు అరవాలనిపించింది.

గుంత చుట్టూ పెరికిన శెనక్కాయ చెట్లు వాములు వేసి ఉన్నాయి. ఒక్కొక్కరే మన్ను వేస్తున్నారు. నేనూ మూడు దోసిళ్లు వేశాను. నా గోళ్లలో ఇంకా ఆ నల్లటి జిడ్డు పోలేదు, దాని మీద ఎర్రమన్ను అంటుకుంది. అయ్యన్న కళ్లు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు.

"ఫారూఖూ, తొలి కాయలు అందినాయా అవ్వకు?"

"అందినాయి."

"మన్నుతోనే ఇచ్చినావా?"

నేను చేను వైపు చూశాను. అయ్యన్న జవాబు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు.

"మన్నుతోనే ఇచ్చినా."

"శానా సంతోషపడింటాది."

"శానా సంతోషపడింది అయ్యన్నా" అన్నాను. అతను వెంటనే నమ్మేశాడు.